వంక దిగుడులో అరిచిన బండి

తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాక కూడా ఆగకుండా అరిచే బండిని మీరింకా చూసి ఉండరు. ఈ మెకానిక్ పనిలోకి వస్తున్నారు కాబట్టి ఏదో ఒకరోజు చూస్తారు. చూసిన రోజు మీ కాళ్ళు పరుగు తీయకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

నేను ఆదోనిలో పని నేర్చుకున్నాను. తర్వాత ఎమ్మిగనూరులో సొంతంగా షెడ్డు వేసుకుని, మోకాళ్ళు మొరాయించేదాకా మోటారుసైకిళ్ళు విప్పి బిగించాను. ఎవరు నన్ను మెచ్చుకున్నారు, ఏ ఆఫీసరు తన బండి నేనే చూడాలని పట్టుబట్టాడు లాంటివి రాయను. అవి వినీ వినీ మా ఇంట్లోవాళ్ళే విసిగిపోయారు. ఒక్క జబ్బు గురించి రాస్తాను. ఇంజన్ లోపలికి లెక్కలో లేని గాలి పోవడం. మా షెడ్లలో "బండి ఎయిర్ తీసుకుంటాంది" అంటాం. చిన్న జబ్బే. వెంట్రుకంత సందు చాలు. కానీ ఇన్నేళ్ళలో నన్ను నిజంగా భయపెట్టింది అదొక్కటే.

వదిలేసి పోయిన బండి

ముందు సంగతి అర్థం చేసుకోండి. గాలిని, పెట్రోలును సరిపాళ్ళలో కలిపి ఇంజన్‌కు అందించడం కార్బొరేటర్ పని. కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఒక పొట్టి రబ్బరు గొట్టం ఉంటుంది, రెండు కొసలా క్లిప్పులు. ఆ గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా, ఇంజన్ ఆ సందులోంచి తన ఇష్టం వచ్చినట్టు గాలి పీల్చుకుంటుంది. గాలి ఎక్కువైతే ఇంజన్ చల్లబడుతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. పూర్తిగా తలకిందులు. పెట్రోలు చాలక లోపల మండిపోతుంది. మన చేతి మాట వినకుండా వేగం పెంచుకుంటుంది. లోపలి మసి నిప్పుకణికలా ఎర్రబడిందంటే ఇక ప్లగ్గుతో కూడా పని లేదు. అప్పుడు తాళంచెవి తీసినా ఒకటే, తీయకున్నా ఒకటే.

డెబ్బైల మొదట్లో, నేను ఆదోనిలో పనిచేస్తున్నప్పుడు, ఆలూరు నుంచి ఒక వేరుశనగల వ్యాపారి టూ స్ట్రోక్ బండి మీద బజారుకు వచ్చాడు. స్టాండు వేసి, తాళంచెవి తీసి, ఏదో దుకాణం మెట్టెక్కాడు. వెనక బండి ఆగలేదు. ఆగకపోగా గొంతు పెంచింది. ఆయన వెనక్కి వచ్చి తాళంచెవి పెట్టి తిప్పాడు, మళ్ళీ తీశాడు. బండి ఇంకా పెద్దగా అరిచింది. తప్పు తనది కాదన్నట్టు తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని చుట్టూ ఉన్న జనానికి చూపించాడు. తర్వాత చూస్తే మనిషి లేడు.

బజారంతా వెనక్కి జరిగింది. మనిషి లేని బండి స్టాండు మీద నిలబడి, ఆ అదురుకే కొంచెం కొంచెంగా కదులుతూ జనం వైపు వస్తోంది. ఒకావిడ నిమ్మకాయ తెచ్చి దాని ముందుకు దొర్లించింది. ఎవరో దోసెడు మట్టి చల్లారు. మిట్టమధ్యాహ్నం, అంతమంది మధ్యలో నిలబడి ఉండి కూడా నేను రెండడుగులు వెనక్కి వేశాను. అప్పుడు మా ఉస్తాద్ ఖాసీం సాబ్ వచ్చాడు. భుజం మీది తువ్వాలు ఉండచుట్టి, కార్బొరేటర్ మూతికి అదిమి పట్టాడు. బండి గుటకలు వేసి ఊరుకుంది.

మీరూ అదే చేయండి. గుడ్డ లేకపోతే టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదలండి. ఏ బండైనా చస్తుంది. కానీ ఆ రోజు బజారు జనం ఇది నేర్చుకోలేదు. వాళ్ళు బండి వైపు చూడనే లేదు. ఉస్తాద్ వైపు చూశారు. కొందరు చేతులు జోడించారు.

ఊదుబత్తి పొగ

ఖాసీం ఉస్తాద్ చెయ్యిలాంటి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. బోల్టు బిగించేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. ఇంక చాలని బోల్టే చెబుతుందనేవాడు. తిట్టడంలోనూ అంతే పనితనం. ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు, మధ్యలో కన్నడం కూడా తగిలేది. ఆయన తిట్టని రోజున ఒంట్లో బాగాలేదేమో అని మేం కంగారుపడేవాళ్ళం.

గాలి లీకు వెతకడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. బండిని నిదానంగా తిరగనిచ్చి, ఊదుబత్తి వెలిగించి, ఒక్కో అతుకు దగ్గర పట్టుకునేవాడు. పొగ నిట్టనిలువుగా లేస్తూ ఉంటుంది. సందు ఉన్న చోటికి రాగానే అది మెడ వంచి ఇనుము లోపలికి పోతుంది. బండి నుంచి పొగ బయటికి రావడం అందరూ చూసిందే. లోపలికి పోవడం ఎవరు చూశారు? నోరు కనపడదు, పీల్చడం మాత్రం కనపడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను చేతిలో స్పానరు కింద పెట్టేశాను.

మీరు ఆ పని చేయకండి. పెట్రోలు పక్కన నిప్పు పట్టుకోవడం తిక్క పని, ఆయన అదృష్టం కొద్దీ నడిచింది. సబ్బునీళ్ళు పూసి చూడండి, లేకపోతే తడిగుడ్డ చుట్టండి. చుట్టగానే బండి గొంతు మారితే జబ్బు అక్కడే.

ఊదుబత్తి, తెల్లగడ్డం, మాటాపలుకూ లేకుండా బండి చుట్టూ తిరగడం, చివరికి ఒక చోట వేలు పెట్టి "ఈడ ఉంది" అనడం. చూసేవాళ్ళకు ఏమనిపిస్తుంది? ఆస్పరి నుంచి వచ్చిన ఒక రైతు, బండికి దెయ్యం పట్టిందనుకుని, ఆయన చెవి దగ్గరికి వంగి, "ఆడదా, మొగోడా సాబూ?" అని అడిగాడు. "రబ్బరు పగిలిందిలేప్పా" అని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. ఉస్తాద్ చిన్నగా నవ్వి, "పోయిందిలే" అన్నాడు.

అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. జనం పెట్టే ఆ దండం ఆయనకు బాగుండేది. ఎండలో, గ్రీజులో బతికే మనిషికి అంత మర్యాద దొరికితే కాదనడం కష్టమే. అయినా చెబుతున్నాను, మన పనిని ఎవరైనా మంత్రమనుకుంటే అప్పటికప్పుడే దిద్దండి. దిద్దకపోతే తర్వాత వాళ్ళు ఏమేం తెస్తారో మీ చేతిలో ఉండదు.

మా దగ్గరికి తాయెత్తులు తెచ్చారు. కొత్త బండి కొంటే తల్లులో భార్యలో ఒక రాగిరేకు మీద మంత్రం రాయించి తెచ్చేవాళ్ళు. బయట కడితే పరాయివాళ్ళ కళ్ళు పడి దాని బలం పోతుందని వాళ్ళ నమ్మకం. అందుకని లోపల, ఎవరికీ కనపడని చోట పెట్టాలి. మొదట్లో ఉస్తాద్ సీటు కింద కట్టేవాడు. తర్వాత వాళ్ళే చోటు చెప్పసాగారు. "ఆ పొద్దు పొగ యాడ పోయెనో ఆడనే పెట్టు సాబూ." ఆయన రేకును సన్నగా మడిచి, రబ్బరు గొట్టం కొసన, క్లిప్పు కింద దూర్చి బిగించేవాడు. అది వద్దని నేను ఒకసారి అన్నాను. "రబ్బరు మెత్తంది రా, కరుచుకుంటది" అన్నాడు. నిజమే, కరుచుకునేది. ఒక్క పిసరు గాలి పోయేది కాదు. రబ్బరు కొత్తగా ఉన్నన్నాళ్ళు.

మల్లేశు చెప్పింది

ఎనభైలు వచ్చేసరికి నేను ఎమ్మిగనూరులో ఉన్నాను. షెడ్డు వెనక వీధంతా మగ్గాలే. ఆ వీధిలో ఉరుకుందమ్మ అని ఒకావిడ, భర్త లేడు, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు బసప్ప బండి మీద ఆదోని పోయి నూలు తెచ్చేవాడు. ఒక ఎండాకాలం, నూలుమూటతో తిరిగి వస్తూ, దారిలో రోడ్డు వాగులోకి దిగే చోట, వంక దిగుడు దగ్గర, రాళ్ళలో పడి చనిపోయాడు.

పడి చనిపోయాడని ఎవరూ అనలేదు. ఆ పొద్దున తల్లికీ కొడుక్కీ గొడవైంది. మగ్గం పని మానేసి ఆదోని మిల్లులో చేరతానని వాడన్నాడు. పోతే మళ్ళీ నా ముఖం చూడొద్దని ఆమె అన్నది. వీధంతా విన్నది. మధ్యాహ్నం వంక దగ్గర గొర్రెలు మేపుకునేవాళ్ళు బండి పెద్దగా అరుస్తూ దిగుడులోకి రావడం విన్నారు. కావాలనే యాక్సిలేటర్ ఫుల్లుగా తిప్పుకుని పోయి పడ్డాడని వాళ్ళు చెప్పారు. వీధి నమ్మింది. తల్లి అందరికన్నా ముందు నమ్మింది.

వంగిన ముందు చక్రం, హ్యాండిలు ఎవరి దగ్గరో సరిచేయించి, అదే బండిని చిన్నవాడు మల్లేశు తీసుకున్నాడు. నూలు రాకపోతే మగ్గం ఆగిపోతుంది, మగ్గం ఆగితే ఆ ఇల్లు ఆగిపోతుంది. కొన్నాళ్ళకు బండిని నా షెడ్డు ముందు నిలబెట్టి, లోపలికి రాకుండా ఎండలోనే నిలబడ్డాడు.

"అన్నా, బండి సరిగ్గనే పోతాది. ఆడికొచ్చినాకనే" అన్నాడు.

"యాడికి?"

"వంక దిగుడు కాడికి. దిగుడు మొదలైతానే ఎనకాల ఎవురో ఈల ఏసినట్ల ఇనపడతాది. సన్నగా. తిరిగి సూస్తే ఎవురూ ఉండరు. ఆ ఈల పెద్దదైతాది, అంతే, బండి అరుస్తాది. నేను చెయ్యి వదిలేసింటా. అయినా ఉరుకుతాది."

"పోయేటప్పుడు కూడానా?"

"పోయేతప్పుడు ఏం చెయ్యదు. ఆదోని నుంచి వచ్చేతప్పుడే. మా అన్న వచ్చిన దావే." మళ్ళీ తనే అన్నాడు, "ఒక్కడే ఉండలేక అన్న నన్ను పిలుస్తాండాడని మా అమ్మ అంటాది."

"నువ్వేమంటావు?"

"నాకు తెల్దన్నా. ఈల మాత్రం అన్న ఏసినట్లే ఉంటాది."

పట్టపగలు, రోడ్డు మీద లారీలు పోతుండగా విన్నాను ఈ మాట. అయినా బండి మీద చెయ్యి వేయడానికి ఒక నిమిషం పట్టింది. బండి స్టార్టు చేసి చూశాను. నిలకడగా తిరిగింది. సబ్బునీళ్ళు పూశాను, ఒక్క బుడగ కదల్లేదు. క్లిప్పులు గట్టిగా ఉన్నాయి. "ఏం లేదప్పా" అందామని నోరు తెరిచి, ఆ పిల్లవాడి ముఖం చూసి ఆగాను. ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదమైన మాట అదే. ఏమీ లేదని చెప్పకండి. దొరకలేదని చెప్పండి.

"నాకు దొరకలేదు మల్లేశూ. నువ్వు మళ్ళా ఆదోనికి ఎప్పుడు పోతావో చెప్పు. నేను ఎనక కూర్చుంటా" అన్నాను.

వంక దిగుడు

తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నమైంది. పత్తి తీసేసిన నల్లరేగడి నోళ్ళు తెరుచుకుని పడి ఉంది. ఎక్కడా చెట్టూ లేదు, మనిషీ లేడు. దూరంగా గొర్రెల మంద ఒకటి, తలలు దించుకుని, ఒకదాని నీడలో ఒకటి తల పెట్టుకుని నిలబడి ఉంది. నూలుమూట నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముందు మల్లేశు తోలుతున్నాడు.

దిగుడు మొదలైంది. వాడి వీపు బిగుసుకోవడం నాకు తెలిసింది. ఈల వినిపించింది.

సన్నని ఈల. మనల్నే వెనక్కి పిలుస్తున్నట్టు. నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. వాటిని నమ్మేవాళ్ళను ఎగతాళి చేసి తిట్లు తిన్నవాణ్ణి. అయినా నా తల దానంతటదే వెనక్కి తిరిగింది. రోడ్డు ఖాళీగా ఉంది. మళ్ళీ ముందుకు తిరిగేలోపల బండి అరిచింది. గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి.

"సూడన్నా!" అని మల్లేశు కుడిచెయ్యి హ్యాండిలు మీంచి తీసి గాలిలోకి ఎత్తాడు. యాక్సిలేటర్ మీద ఎవరి చెయ్యీ లేదు. బండి మమ్మల్ని మోసుకుని కింది రాళ్ళవైపు ఉరుకుతోంది.

"చెయ్యి పెట్టు! క్లచ్ పట్టు! క్లచ్!" అని అరిచాను. వాడు పట్టాడు. బ్రేకు తొక్కి, రోడ్డు దిగి, మెత్తటి రేగట్లోకి పోనిచ్చి ఎలాగో నిలబెట్టాడు. నేను దూకి బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. అది ఇంకా కేకలు పెడుతూనే ఉంది. ఇంజన్ పక్కన చెయ్యి పెడితే కాలిపోతోంది. రబ్బరు గొట్టం కొసన ఒక్కచోట మాత్రం చల్లగా తగిలింది. అంత మంటలో ఆ ఒక్క చోట చల్లగా ఉండి, నా వేలి కొసను మెల్లగా లోపలికి లాగింది.

పెట్రోలు ఆవిరయ్యే చోట లోహం చల్లబడుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తర్వాత వెంట తెచ్చుకున్న నీళ్ళతో తువ్వాలు తడిపి ఆ చోట చుట్టాను. ఈల ఆగింది. బండి గొంతు దిగి, దిగి, మామూలుగా తిరగసాగింది. నేను తాళంచెవి తీశాను. అంతా నిశ్శబ్దం.

మల్లేశు ఏడుస్తున్నాడు. "పోయినాడా అన్నా?" అని అడిగాడు.

"ఎవురూ లేరప్పా. రబ్బరు. ఇది రబ్బరు" అన్నాను. వాడు నా మాట నమ్మలేదు. నిజానికి ఆ నిమిషాన నేను కూడా నా మాటను బలవంతంగా నమ్ముతున్నాను.

ఇంతకూ అక్కడే ఎందుకు? ఆదోని నుంచి వచ్చేసరికి ఇంజన్ బాగా కాగి ఉంటుంది, గట్టిపడిన రబ్బరు పెదవి కొంచెం తెరుచుకుంటుంది. షెడ్డులో చల్లటి ఇంజన్ మీద అది మూసుకునే ఉంటుంది, అందుకే నాకు దొరకలేదు. ఇక దిగుడు వచ్చిందంటే ఎవరైనా యాక్సిలేటర్ వదిలేస్తారు. అది వదిలేస్తే కార్బొరేటర్ దారి మూసుకుపోతుంది. చక్రం మాత్రం ఇంజన్‌ను తిప్పుతూనే ఉంటుంది. దారి మూసి తిప్పితే ఇంజన్ ఎంత బలంగా పీలుస్తుందో చెప్పలేను. ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి లాగుతుంది. ఈల అదే. అరుపు అదే. ఎమ్మిగనూరు నుంచి పోయేటప్పుడు అదే చోటు ఎక్కుడు అవుతుంది, అందుకని ఏమీ జరగదు.

బండి చల్లారాక అక్కడే క్లిప్పు విప్పాను. రబ్బరుకూ ఇనుముకూ మధ్య సన్నగా మడిచిన రాగిరేకు ఉంది, మసి పట్టి నల్లబడింది. దాని అంచు వెంట రబ్బరు గట్టిపడి లేచిపోయింది. ఆ మడత ఎవరి చేతిదో చూడగానే తెలిసింది నాకు.

మల్లేశు చొక్కా జేబులోంచి ఒక చిన్న గుడ్డమూట తీసి విప్పాడు. అందులో అలాంటిదే ఇంకో రేకు, కొత్తది, తళతళలాడుతోంది.

"మా అమ్మ ఇచ్చింది. ఆదోని ఉస్తాద్ కాడికి పోయి, అన్నకు పెట్టిచ్చిన చోటే పెట్టిచ్చుకోమనె. నేనే పోలేదు ఇంగా" అన్నాడు.

షెడ్డుకు వచ్చాక ఇంజన్ కూడా విప్పాను. పిస్టన్ మీద నిలువునా గీతలు, నల్లబడిన పాత గీతలు. ఇంజన్ మరీ కాగితే పిస్టన్ లోపల పట్టేసుకుంటుంది. ఆ క్షణాన వెనక చక్రం కదలకుండా బిగుసుకుంటుంది, మనిషి ఎగిరిపోతాడు. చల్లారాక మళ్ళీ తనే వదిలేస్తుంది. తర్వాత కిక్కు కొట్టినవాడికి ఏమీ తెలియదు, బండి బుద్ధిగా స్టార్టవుతుంది. బసప్ప ఎట్లా పడ్డాడో ఆ గీతలు చూశాక నాకు సందేహం లేదు. మల్లేశు ఇంకెన్నిసార్లు ఆ దిగుడు దిగి ఉంటే అదే జరిగేదో నాకు తెలియదు.

మల్లేశుకు అంతా చెప్పాను. విని, నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మకు సెప్పొద్దన్నా. తన మాటకే అన్న పోయినాడని ఇప్పటికే కుళ్ళిపోతాండాది. ఇంగ తన చేత్తో ఇచ్చిన రేకు వల్లనే అని తెలిస్తే బతకదు."

"చెప్పకుంటే ఇంకో రేకు తెస్తాది మల్లేశూ. నువ్వు లేనప్పుడు ఎవని చేతనో అదే చోట పెట్టిస్తాది. అప్పుడు నువ్వు బతకవు."

నల్లరేకు జేబులో వేసుకుని ఆదోని బస్సెక్కాను.

వీధిలో

ఉస్తాద్ అప్పటికి పని తగ్గించాడు. షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని చేసేవాళ్ళను తిడుతున్నాడు. రేకు ఆయన చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. మడతను బొటనవేలితో రాస్తూ చాలాసేపు చూశాడు.

"నా చెయ్యే" అన్నాడు.

అంతే. వాదించలేదు. రబ్బరు తయారీ బాగాలేదనో, వాడు సర్వీసు చేయించి ఉండడనో అనలేదు. నాకు తెలిసిన మెకానిక్కులలో నూటికి తొంభైమంది అనే మాటలవి, నేను కూడా అని ఉండేవాణ్ణి. ఆ తర్వాత ఆయన తాను రేకు పెట్టిన బండ్లన్నీ ఒక్కొక్కటిగా పిలిపించి తీసేయించాడు. కొందరు తిట్టారు, కొందరు భయపడి ఇంకో షెడ్డుకు మారిపోయారు. అదంతా తర్వాతి మాట. ఆ రోజు మాత్రం లేచి కోటు వేసుకుని, నాతో "పద రామాంజీ" అన్నాడు.

ఆమెకు ఎంతవరకు చెప్పాలో బస్సులో మాట్లాడదామని చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. బస్సు వంక దిగుతున్నప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నాడు.

మమ్మల్ని చూడగానే ఉరుకుందమ్మ ఇంట్లో మగ్గం ఆగింది. మల్లేశు మగ్గం గుంటలోంచి లేచి నిలబడ్డాడు, వద్దన్నట్టు నా వైపు చూశాడు. ఆమె ఉస్తాద్‌ను గుర్తుపట్టి, మంచం వాల్చి, చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన కూర్చోలేదు, నీళ్ళు ముట్టలేదు.

"అమ్మా, ముందు నా మాట విను. విన్నాక ఇస్తే తాగుతా" అన్నాడు. "నీ కొడుకు బండికి ఈ రేకు నువ్వు తెచ్చినావు. వాడు సల్లగా ఉండాలని తెచ్చినావు. దాన్ని పెట్టరాని చోట పెట్టినోణ్ణి నేను. ఆడ పెడితే గాలి పోతదని నాకు తెల్సు. ఈ పని నేర్సినోణ్ణి, నాకు తెల్సు. మీరందరూ నన్ను గొప్పోడంటాంటే ఇంపుగా ఉండె, పెట్టినా. దాని వల్లనే ఇంజన్ పట్టేసి నీ కొడుకు పడినాడు. రేకు తప్పు కాదు, నీ తప్పు కాదు. తప్పు నాది."

ఆమె నల్లరేకును చూసింది. ముట్టుకోలేదు. మల్లేశు ఆమె భుజం పట్టుకున్నాడు, పడిపోతుందని. ఆమె పడలేదు. ఆమె ఆలోచన ఇంకెక్కడో ఉంది.

"సాబూ, గొర్లోళ్ళు ఇన్నారంట గదా. బండి అరుసుకుంట వచ్చెనంట గదా. వాడు తిప్పుకుంటేనే గదా అరిచేది?"

"లేదమ్మా."

"మరి?"

"వదిలేసినాడు గనుకనే అరిచింది. చెయ్యి తిప్పుకుని ఉంటే అది అరవదు. వాడు చెయ్యి వదిలినాడు, బండి ఆపాలని సూసినాడు. ఇది నేను అల్లా మీద ప్రమాణం చేసి చెప్తాండా. కావాలంటే రామాంజి బండి తోలి చూపిస్తాడు."

"ఆపాలనా?"

"ఆపాలనే. వాడు ఇంటికే వస్తాండె."

ఆమె ఒక్క శబ్దం చేసింది. ఏడుపని చెప్పలేను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. తర్వాత చెంగు దులిపి భుజం మీద వేసుకుని, ఉస్తాద్ మణికట్టు పట్టుకుంది. పరాయి మగవాడి చెయ్యి ఆమె అంతకుముందెప్పుడూ పట్టుకుని ఉండదు. అట్లాగే లాక్కుపోయి వీధిలో ఎండలో నిలబెట్టింది.

"రాండి!" అని అరిచింది. "అందరూ రాండి! నా కొడుకు ఎట్ల పోయినాడో ఈయప్ప చెప్తాడు, ఇని పోండి!"

మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి. జనం గడపల్లోకి వచ్చారు. ఆ గుంపులో ఆదోనిలో ఆయనకు చేతులు జోడించినవాళ్ళు కూడా ఉన్నారు. ఖాసీం ఉస్తాద్ మొదలుపెట్టాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేనైతే కొంత చెప్పి కొంత మింగేవాణ్ణి. ఆయన ఏమీ మింగలేదు. ఇంట్లో చెప్పినదంతా, గొప్పోడనిపించుకోవడం ఇంపుగా ఉండెనన్న మాటతో సహా, ఆ వీధిలో చెప్పాడు. వాడు బండి ఆపాలనే చూశాడన్న దగ్గరికి వచ్చినప్పుడు ఉరుకుందమ్మ, "గట్టిగా సెప్పు సాబూ" అన్నది. ఆయన గట్టిగా చెప్పాడు.

పైవీధి నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు. "వీళ్ళు ఇప్పుడే వచ్చినారు. మొదటి నుంచి సెప్పు" అన్నది ఆమె. ఆయన మొదటి నుంచి చెప్పాడు. ఆ మధ్యాహ్నమంతా ఆ వీధిలోకి ఎవరు కొత్తగా వచ్చి నిలబడినా ఆమె ఆయనను మళ్ళీ మొదలుపెట్టించింది, ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.